అత్తిపత్తి పాదం

త్రినాథ్ కంటిచూపుతో మొక్కల్ని ముడుచుకునేలా చేయగలడు.

ఈ మాట అతనే చెప్పేవాడు. బాపట్లలో వాళ్ళ ల్యాబ్‌కి ఎవరొచ్చినా కుర్చీ లాక్కుని, అత్తిపత్తి కుండీకి మూరెడు దూరంలో కూర్చుని, కళ్ళు చిట్లించి, ఊపిరి బిగబట్టి చూసేవాడు. అయిదు లెక్కపెట్టేలోగా ఆకులన్నీ జతలు జతలుగా దగ్గరికొచ్చి చేతులు జోడించేవి. కొమ్మ వంగి నమస్కారం పెట్టేది.

"మా ముత్తాతగారైతే తాటిచెట్టునే ముడిచేవాడండీ. పైనున్న గీతకార్మికుడు కేసు పెడితే మానేశాడు" అని మొహంలో ఏ మార్పూ లేకుండా చెప్పేవాడు. వినేవాళ్ళలో సగం మంది నవ్వేవారు. మిగతా సగం మంది కేసు ఏమైందని అడిగేవారు.

ఆ శక్తి ఆరు నెలలు నిక్షేపంగా పనిచేసింది. ఏడో నెలలో, హైదరాబాద్ నుంచి ముగ్గురు సభ్యుల కమిటీ వచ్చిన రోజున చచ్చింది.

త్రినాథ్ చూశాడు. మొక్క కదల్లేదు. ఇంకా తీక్షణంగా చూశాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి గాని ఆకు తిరగలేదు. మొక్క తీరిగ్గా, బస్సు కోసం ఎదురుచూసే మనిషిలా, ఎటో చూస్తూ నిలబడింది.

అప్పుడు ల్యాబ్ పెద్ద డాక్టర్ ఉమాసుందరి వచ్చి కుండీ ఎత్తింది. దాని వెనక నుంచి సన్నటి రబ్బరు గొట్టం బయటపడింది. ఆవిడ దాన్ని పట్టుకుని లాక్కుంటూ వెళ్తే, రెండో కొస త్రినాథ్ కుర్చీ కిందికి పోయి, అతని మడమ కింద ఉన్న రబ్బరు బుడ్డి దగ్గర ఆగింది.

"గాలి ఊదుతున్నాడండీ" అందావిడ కమిటీతో. "రోజుకి పాతికసార్లు అదే గాలి. దాంతో తనకొచ్చిన ముప్పేమీ లేదని మొక్కకి తెలిసిపోయింది. అలవాటుపడి ముడుచుకోవడం మానేసింది. మెదడు లేని మొక్క మా త్రినాథ్‌ని కనిపెట్టింది. మెదడున్న మాకు మాత్రం ఇదిగో, ఇవాళ్టిదాకా పట్టింది."

ఇద్దరు నవ్వారు. మూడో ఆయన, అందరికంటే పెద్దాయన, నవ్వలేదు. గొట్టం వంక చూస్తూ, "మరి మీరు తయారుచేసిన పొరకి కూడా ఇదే బుద్ధి ఉంటే?" అన్నాడు.

ఉమాసుందరి కుండీ కింద పెట్టేసింది.

ఆ పొర సంగతి చెప్పాలి. అత్తిపత్తి ఆకుకాడ మొదట్లో చిన్న ఉబ్బు ఉంటుంది. తాకిడిని పసిగట్టి ఆకుని ముడిచేది అదే. అందులోని కణాలను తీసి, చింతగింజల జిగురుతో చేసిన మెత్తటి పొరలో బతికించడానికి ఉమాసుందరికి తొమ్మిదేళ్ళు పట్టింది. మందం అప్పడమంత, రంగు లేత ఆకుపచ్చ. దాన్ని అరికాలికి అంటిస్తే, ఎక్కడ ఒత్తిడి పడినా అక్కణ్ణుంచి సన్నటి తీగ వెంట మోకాలి పైకి చిన్న చురుకు వెళ్తుంది. షుగర్‌తో పాదాల నరాలు చచ్చిపోయినవాళ్ళకి కూడా మోకాలి పైన నరాలు బతికే ఉంటాయి. పది రోజులు ఓపిక పడితే, ఆ చురుకు తొడది కాదు, పాదానిదే అని మెదడు ఒప్పుకుంటుంది. పొర బతికున్నదే కాబట్టి పొద్దున్నే నీళ్ళు చల్లాలి, అరగంట ఎండ చూపించాలి. త్రినాథ్ మాటల్లో చెప్పాలంటే, ప్రపంచంలో సాగునీరు కావలసిన చెప్పు ఇదొక్కటే.

దాన్ని ముందుగా అయిదుగురికి అంటించాలనుకున్నారు. జాబితాలో మొదటి పేరు చీరాల నేతగాడు దామర్ల సాంబులుది.

సాంబులు ఇంటికి మొదటిసారి వెళ్ళినప్పుడు త్రినాథ్‌కి ఒక సంగతి వింతగా అనిపించింది. ఆయన గుంట మగ్గం మీద నేస్తూ ప్రతి రెండు నిమిషాలకీ మెడ వంచి గుంటలోకి చూసుకుంటున్నాడు.

"కింద ఎవరన్నా ఉన్నారా బాబాయ్?" అన్నాడు త్రినాథ్.

"నా కాళ్ళే ఉన్నయ్. ఉన్నయ్యో లేదో చూసుకుంటన్నా" అన్నాడు సాంబులు. "చెక్క మీద కాలుందో, చెక్క పక్కన మట్టి మీదుందో నాకేం తెలుస్తదయ్యా? చూస్తేనే తెలిసేది. అటు చూస్తే ఇటు పోగు తెగుద్ది."

ఆరేళ్ళ కిందట ఆ తొక్కుడు చెక్కలో మేకు ఒకటి పైకి తేలింది. ఆయన దాని మీదే రెండు గజాల బట్ట నేశాడు. నొప్పి లేదు. సాయంత్రం గుంటలోంచి లేస్తే గచ్చు మీద ఎర్రటి అడుగులు పడ్డాయి. ఎవరివా అని ఆయనే వెనక్కి తిరిగి చూశాడు. ఆ దెబ్బతో ఒక వేలు పోయింది.

అప్పటి నుంచి ఆయన భార్య రవణమ్మ ఒక్కరోజు తప్పకుండా ఒక పని చేస్తుంది. దీపాలు పెట్టే వేళకి ఆయన్ని మంచం మీద కూర్చోబెట్టి, తను కింద కూర్చుని, ఆ పాదాలు ఒళ్ళో పెట్టుకుంటుంది. తడిగుడ్డతో తుడిచి, రెండు బొటనవేళ్ళతో మడమ దగ్గర మొదలుపెట్టి ఒక్కో అంగుళం నొక్కుకుంటూ, గట్టిగా పిసుక్కుంటూ వేళ్ళ దాకా వస్తుంది. వేళ్ళ సందులు కూడా వదలదు.

"ఏమన్నా పోయిందా పిన్నీ, అంత వెతుకుతున్నారు?" అని అడిగాడు త్రినాథ్ ఆ సాయంత్రం.

"ఇంకా పోలా. పోకుండా చూస్తన్నా" అంది ఆవిడ తల ఎత్తకుండా. "ఇంకొక్క పుండు పడిందంటే చీలమండ దాకా తీసెయ్యాలన్నాడు డాక్టరు. అప్పుడీయన గుంటలో దిగేదెట్టా, తొక్కేదెట్టా? మగ్గం లేకపోతే ఈ మనిషి నాతో రోజంతా మాట్టాడతా కూర్చుంటాడు. నేను తట్టుకోలేను బాబూ."

సాంబులు నవ్వాడు. ఆవిడ నవ్వలేదు. ఆవిడ బొటనవేళ్ళు ఆగలేదు.

ఆ రాత్రి భోజనం అక్కడే అయింది. చేపల పులుసు మూడుసార్లు వడ్డించుకున్నాక ఆ ఇంటికి తను చుట్టమైపోయానని త్రినాథ్ నిర్ణయించుకున్నాడు. వాళ్ళకి చెప్పలేదు. వాళ్ళు అప్పటికే నిర్ణయించుకున్నారు.

కమిటీ పెద్దాయన అడిగిన ప్రశ్నకి జవాబు చెప్పందే పొరని మనుషులకి అంటించే అనుమతి రాదు. ఉమాసుందరి లెక్క వేసింది. సాంబులు రోజుకి మూడువేల సార్లు తొక్కుతాడు. నెలకి దగ్గర దగ్గర లక్ష. పొర మీద లక్షసార్లు అదే ఒత్తిడితో నొక్కి చూడాలి. ప్రతి నొక్కుకీ పక్కనున్న ఆకుపచ్చ దీపం వెలగాలి. ఎక్కడైనా వెలగడం మానేస్తే పొరకి అలవాటు పడే బుద్ధి ఉన్నట్టు. అప్పుడు మళ్ళీ ఏడాది పని.

నొక్కే యంత్రం రిపేరుకని చెన్నై వెళ్ళి అక్కడే స్థిరపడిపోయింది. అందుకని ఆ పని, గొట్టం నేరానికి శిక్షగా, త్రినాథ్ మీద పడింది. చేతికి చెక్కబిళ్ళ ఒకటిచ్చారు. కింద రబ్బరు, మనిషి తొక్కినంత బరువు.

రోజుకి రెండు గంటలు. రెండు వారాలు. మొదటి రోజు ముగిసేసరికి కుడిచెయ్యి ఎడమచేతికంటే నాలుగంగుళాలు లావైందని త్రినాథ్ అందరికీ చూపించాడు. రెండో రోజుకి అదే చేత్తో తలుపు తోస్తే తలుపు పక్క ఊళ్ళో దొరికిందన్నాడు.

మూడువేల రెండొందల దగ్గర దీపం వెలగలేదు.

త్రినాథ్ ఇంకోసారి నొక్కాడు. లేదు. ఇంకో పదిసార్లు. లేదు. పొర హాయిగా పడుకున్నట్టుంది. ల్యాబ్‌లో ఎవరూ లేరు. అతను చుట్టూ చూసి, పక్కన కూర్చుని కునుకు తీసే స్నేహితుడికి వేసినట్టు, దాని నెత్తిన టప్‌మని ఒక మొట్టికాయ వేశాడు.

దీపం వెలిగింది. తర్వాత నొక్కిన ప్రతిసారీ వెలిగింది. మళ్ళీ మూడువేల పైచిలుకు దాకా.

వైరు లూజుగా ఉందని అనుకున్నాడు. అనుకోవడం అంటే, అనుకోవడానికి బాగా కష్టపడ్డాడు. వైరు తీసి చూడలేదు, చూస్తే గట్టిగా ఉంటుందేమోనని భయం. అప్పుడు పుస్తకంలో రాయాలి. రాస్తే ఏడాది. ఏడాది పాటు రవణమ్మ బొటనవేళ్ళు ఏ రోజైనా ఒక అంగుళం తప్పిపోతే? అందుకని పొర పడుకున్నప్పుడల్లా ఒక మొట్టికాయ వేశాడు. లక్ష పూర్తయ్యాక పుస్తకంలో గుండ్రటి అక్షరాలతో ఇలా రాశాడు: "లక్ష నొక్కులు. స్పందన ఎక్కడా తగ్గలేదు."

అనుమతి వచ్చింది. ఉమాసుందరి ఆ కాగితం రెండుసార్లు చదువుకుంది. తర్వాత త్రినాథ్ భుజం తట్టి, "నీ మీద నాకు నమ్మకం ఉండేది కాదు నాయనా. క్షమించు" అంది. అతనికి ఆ తట్టు మూడు రోజులు బరువుగా ఉంది.

పొర అంటించాక మొదటి పది రోజులు సాంబులు వీధికి వినోదమయ్యాడు. పొద్దున్నే వాకిట్లో మంచం వాల్చుకుని, అరికాళ్ళు సూర్యుడికి చూపిస్తూ వెల్లకిలా పడుకునేవాడు. రవణమ్మ చెంబుతో నీళ్ళు చల్లేది.

"ఏం సాంబులు బావా, ఒడియాలు పెట్టావా? కాకులొస్తయ్ చూసుకో!" అని ఎదురింటాయన.

"కాకుల్ని నీ మీదకి తోలతాలే, నువ్వెట్టాగూ కదలవు!" అని ఈయన.

పదకొండో రోజు త్రినాథ్ మగ్గం గట్టు మీద కూర్చుని ఉన్నాడు. సాంబులు పోగు మోసే నాడె విసిరి చెక్క తొక్కాడు. చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. మెడ వంచలేదు. ఎదురుగా గోడకేసి చూస్తూ ఇంకోసారి తొక్కాడు.

"అబ్బాయ్," అన్నాడు మెల్లగా, "కింద చెక్క ఉంది."

"ఎప్పుడూ అక్కడే ఉంది కదా బాబాయ్."

"అది కాదయ్యా. ఉంది."

ఆ ఒక్క మాటే నాలుగైదుసార్లు అన్నాడు. తర్వాత గుంటలోంచి లేచి వీధిలోకి నడిచాడు. రోడ్డు పనికి పోసిన కంకర గుట్ట ఎక్కాడు. "అమ్మో, అబ్బో" అంటూ, మొహం నిండా నవ్వుతో, అటు నుంచి దిగి ఇటు నుంచి మళ్ళీ ఎక్కాడు. వేరుశనగ తొక్క మీద నిలబడి ఇది వేరుశనగ తొక్క అని పదిమందిని పిలిచి చెప్పాడు. ఆ సాయంత్రానికి చీరాలలో ఆయన తొక్కని వస్తువు లేదని త్రినాథ్ ల్యాబ్‌కి ఫోన్‌లో చెప్పాడు. రైలు పట్టాలు తొక్కబోతే తనే ఆపానన్నాడు.

దీపాలవేళ రవణమ్మ మామూలుగానే పాదాలు ఒళ్ళో పెట్టుకుంది. బొటనవేలు మడమ మీద పడగానే ఆయన కాలు గబుక్కున లాక్కున్నాడు.

"ఏందీ, గుచ్చుకుందా?" ఆవిడ మొహం పాలిపోయింది.

"కాదే. చక్కిలిగిలి."

ఆవిడ ఆయన వంక అట్లాగే చూసింది. ఆరేళ్ళుగా ఆ పాదాలు ఆవిడ చేతుల్లో రెండు చెక్కముక్కలు. కొంగు తీసి మొహానికి అడ్డం పెట్టుకుంది. త్రినాథ్ గోడ మీది క్యాలెండర్ దగ్గరికెళ్ళి మూడు నెలల వర్జ్యాలు వరసగా చదివాడు.

"మీ మేడమ్‌కి చెప్పు బాబూ," అంది ఆవిడ చివరికి, "మా ఇంట్లో రోజూ ఆవిడ పేరు తల్చుకుంటామని. నీ పేరు కూడా."

పొర అంటించి మూడు వారాలైన రోజున త్రినాథ్ మళ్ళీ వచ్చాడు. కార్తీకం పెళ్ళిళ్ళకని సాంబులుకి పట్టంచు చీరల పని చాలా పడింది. ఆయన పొద్దున్నించీ గుంటలోనే ఉన్నాడు. రవణమ్మ ఆసు తిప్పి దాని మీద నూలు చుడుతూ, వంట చూసుకుంటూ, సాయంత్రం మళ్ళీ పాదాల దగ్గర కూర్చుంది. ఆవిడ చేతులు అలిసిపోయి మధ్య మధ్యలో ఆగిపోతుంటే త్రినాథ్‌కి మనసాగలేదు.

"పిన్నీ, ఇక మీరు రిటైరైపోండి. ఈ పొరకి చీమ తుమ్మినా తెలుస్తుంది. చీమకి జలుబు చేయబోతున్నా తెలుస్తుంది."

"మేడమ్ గారిచ్చిన కాగితంలో రోజూ చూసుకోమని ఉందంట గదా?"

"అది అన్ని కాగితాల్లోనూ రాస్తారు పిన్నీ. సిగరెట్ పెట్టె మీద బొమ్మ వేసినట్టు. ఎవరు చూస్తారు?"

"ఒట్టు?"

"ఒట్టు" అన్నాడు త్రినాథ్. అన్నప్పుడు అతని చెయ్యి, పుస్తకంలో గుండ్రటి అక్షరాలు రాసిన చెయ్యి, జేబులోకి దూరింది.

రవణమ్మ మానేసింది. మొదటి రెండు రోజులు సాయంత్రం చేతులేం చేసుకోవాలో తెలియక చిక్కుడుకాయలు ఈనెలు తీసిందట. అది కూడా ఫోన్‌లో నవ్వుతూ చెప్పింది.

పద్దెనిమిది రోజుల తర్వాత మళ్ళీ ఫోన్ వచ్చింది. ఈసారి నవ్వు లేదు, ఏడుపూ లేదు.

"బాబూ, మీ బాబాయ్ కాలు వాసనొస్తంది."

త్రినాథ్ ఆస్పత్రికి వెళ్ళేసరికి సాంబులు జ్వరంతో మూలుగుతున్నాడు. చిటికెనవేలు మొదట్లో పుండు. లోతుగా, రూపాయి బిళ్ళంత. మేకు కాదు, మరేదీ కాదు. తొక్కుడు చెక్క అంచు రోజురోజుకీ కాస్త కాస్తగా అరిగి పైకి లేచింది. తొక్కిన ప్రతిసారీ అదే చోట, అదే ఒత్తిడి. పెళ్ళి చీరల తొందరలో, పాదం మళ్ళీ మొద్దుబారిందని కూడా ఆయన గమనించలేదు.

డాక్టరు పెన్నుతో చీలమండ చుట్టూ గీత గీశాడు. "ఎరుపు ఈ గీత దాటితే కాలు తీసెయ్యాలి. దాటకపోతే అదృష్టం. మూడు రోజులు."

గీత చూడగానే త్రినాథ్‌కి అంతా అర్థమైంది. వైరు ఎప్పుడూ గట్టిగానే ఉంది. పొర పడుకుంది. మూడువేల తొక్కులకి పడుకుంటుంది. పద్దెనిమిది రోజులుగా పడుకునే ఉంది.

ఆ మూడు రోజులూ అతను ఆస్పత్రి వరండాలోనే ఉన్నాడు. కాఫీలు తెచ్చాడు, మందులు తెచ్చాడు, రవణమ్మకి టిఫిన్ తెచ్చాడు. ఒక్క జోకూ వెయ్యలేదు. "నీకు కూడా జొరమేమో చూపించుకో బాబూ" అంది ఆవిడ. ఉమాసుందరి రోజూ బాపట్ల నుంచి వచ్చి, ఆయన పక్కన నిలబడి, గీత చూసి వెళ్ళేది.

ఎరుపు ఆ గీతకి వేలెడు దూరంలో ఆగింది. నాలుగో రోజు వెనక్కి తగ్గింది. కాలు దక్కిందని డాక్టరు చెప్పగానే రవణమ్మ గోడకి ఆనుకుని నేల మీద కూర్చుండిపోయింది.

కాలు దక్కింది, కానీ ఉమాసుందరి మొహంలో వెలుగు రాలేదు. బ్యాగులోంచి చెక్కబిళ్ళ తీసి, తీగకి దీపం తగిలించి, కట్టు లేని చోట పొర మీద నొక్కింది. దీపం వెలగలేదు. పది చోట్ల నొక్కింది. ఎక్కడా వెలగలేదు.

"పొర చచ్చిపోయింది సాంబులుగారూ" అంది. "ఎందుకో నాకు తెలియట్లేదు. లక్ష నొక్కులకి నిలబడిన పొర ఇది. జిగురులోనే లోపమై ఉంటుంది. మధ్యాహ్నం దీన్ని తీసేస్తాను. మిగతా నలుగురికీ అంటించను. మీకు నా వల్ల ఇలా జరిగింది."

"మీ వల్లేందమ్మా," అన్నాడు సాంబులు, దిండు మీద నుంచి చేతులు జోడిస్తూ. "పది రోజులైనా నా కాళ్ళు నాకు చూపించారు. ఆరేళ్ళ తర్వాత నా ఆడదాని చెయ్యి నాకు తెలిసింది. అది చాలదా? ఇదిగో, ఈ త్రినాథం బాబు. మా కోసం రెండు వారాలు కూర్చుని లక్షసార్లు నొక్కాడంట. సొంత కొడుకు నొక్కుతాడా అట్టా? నీకు రుణపడి ఉంటా నాయనా."

ఉమాసుందరి డాక్టరుతో మాట్లాడటానికి బయటికి వెళ్ళింది. రవణమ్మ ఫ్లాస్కు తీసుకుని కాఫీకి వెళ్ళింది. సాంబులు అలసటగా కళ్ళు మూసుకున్నాడు.

గదిలో త్రినాథ్, ఆ పాదం మిగిలారు.

నోరు మూసుకుని ఊరుకుంటే చాలు. మధ్యాహ్నానికి పొర పోతుంది. తప్పు చింతగింజల మీదికి పోతుంది. ఉద్యోగం ఉంటుంది, ఈ ఇంటి చేపల పులుసు ఉంటుంది. కానీ రేపు ఈయన మళ్ళీ గుంటలోకి దిగుతాడు, ఈసారి ఏ పొరా లేకుండా. గీత ప్రతిసారీ వేలెడు దూరంలో ఆగదు.

ముందు లేపుదాం, తర్వాత ఏదో ఒకటి చెబుదాం అనుకున్నాడు. వంగి, కట్టుకి దూరంగా, మడమ మీద టప్‌మని ఒక మొట్టికాయ వేశాడు.

దీపం భగ్గున వెలిగింది. సాంబులు "అమ్మో!" అని కెవ్వున అరిచి కళ్ళు తెరిచాడు.

"నీకెట్టా తెలుసు?"

గుమ్మంలో రవణమ్మ. చేతిలో ఫ్లాస్కు. ఎప్పటి నుంచి ఉందో.

"ఏది పిన్నీ?"

"మొట్టికాయ వేస్తే లేస్తదని నీకెట్టా తెలుసు?"

"ఊరికే, ఈగ వాలితే తోలాను. ఆస్పత్రి ఈగలు పిన్నీ, పిచ్చుకంత ఉంటాయి. నిన్న ఒకటి డాక్టరుగారి కళ్ళజోడు ఎత్తుకుపోయి..."

ఆవిడ చూస్తూనే ఉంది. ఆ చూపు ముందు ఈగ చిన్నదైపోయింది, మామూలు ఈగంతైంది, తర్వాత అసలు లేకుండా పోయింది. రవణమ్మ భుజం వెనక ఉమాసుందరి వచ్చి నిలబడింది. ఆవిడ దీపం వంకే చూస్తోంది.

"అది చావలేదు మేడమ్," అన్నాడు త్రినాథ్. "పడుకుంటుంది. నొక్కేటప్పుడు కూడా పడుకుంది. నేను మొట్టికాయ వేసి లేపి మళ్ళీ నొక్కాను. వైరు లూజు అనుకున్నాను. అనుకోలేదు. అనుకున్నట్టు నాకు నేనే చెప్పుకున్నాను. పుస్తకంలో రాయలేదు."

ఉమాసుందరి చెక్కబిళ్ళ తీసి పొర మీద నొక్కింది. దీపం వెలిగింది. ఇంకోసారి. వెలిగింది. ఆవిడ మంచం అంచు మీద కూర్చుంది.

"అంటే ఎప్పుడూ తొక్కే తొక్కుకి, నడకకి అలవాటు పడిపోతుంది. మొట్టికాయలాంటి గట్టి తాకిడి ఏదైనా వేరేది తగిలితే లేస్తుంది" అంది తనతో తను మాట్లాడుకుంటున్నట్టు. "మరి మొదటి మూడు వారాలు ఈయన రోజూ నేశాడే. అప్పుడెందుకు పడుకుని ఉండిపోలేదు?"

"పిన్ని రోజూ పిసికేది గనక," అన్నాడు త్రినాథ్. "ప్రతి సాయంత్రం, గట్టిగా. పొర పడుకోబోతుంటే ఆవిడ లేపేది. ఆవిడకి తెలియదు."

రవణమ్మ తన రెండు చేతుల వంక చూసుకుంది.

"మానమంది నువ్వే గదా," అంది. గొంతు పెంచలేదు.

"నేనే పిన్నీ."

"ఒట్టేశావు."

"వేశాను."

ఆవిడ ఫ్లాస్కు కింద పెట్టింది. త్రినాథ్ చెంప అప్పటికే మంటపుట్టింది, చెయ్యి పడకుండానే. చెయ్యి పడలేదు. ఆవిడ అతన్ని దాటుకుని వెళ్ళి, మంచం దగ్గర కింద కూర్చుని, కట్టు కదలకుండా ఆ పాదాన్ని ఒళ్ళోకి తీసుకుంది. బొటనవేళ్ళు మడమ దగ్గర మొదలయ్యాయి.

"పొర తీసెయ్యొద్దమ్మా," అంది ఉమాసుందరితో. "రోజుకోసారి చెయ్యి తగిలితే చాలంటే, నా చెయ్యి ఉంది."

ఉమాసుందరి తలూపింది. ఆవిడ కళ్ళలో కోపం, తొమ్మిదేళ్ళ పని చావలేదన్న ఊరట, రెండూ ఒకదాన్నొకటి తోసుకుంటున్నాయి.

"కమిటీకి ఉత్తరం నువ్వే రాస్తావు త్రినాథ్. ఇవాళే. ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో నా చేతిలో లేదు, నేను అడ్డుపడను కూడా. ఆ నలుగురికీ ఏం జరగబోయేదో రాత్రి పడుకునేముందు ఒకసారి ఆలోచించుకో. ఇప్పుడు చెప్పు. ఎన్నిసార్లు కొట్టావు?"

"మూడు మేడమ్."

ఆవిడ చూసింది.

"పదమూడు."

ఇంకా చూస్తూనే ఉంది. బతుకంతా ప్రతి అంకెనీ పదింతలు చేసి చెప్పిన మనిషి, ఒక్క అంకెని తగ్గించి చెప్పడానికి ఇంత చెమట పడుతుందని అనుకోలేదు.

"ముప్పై ఒకటి," అన్నాడు త్రినాథ్ నేల చూస్తూ. "ఒక్కటి ఎక్కువా లేదు, ఒక్కటి తక్కువా లేదు. ముప్పై ఒకటి."

"ముప్పై రెండు," అన్నాడు సాంబులు మంచం మీద నుంచి, మడమ సర్దుకుంటూ. "ఇందాక నాకు తగిలింది కూడా రాయించండమ్మా."